సమ్మయ్య ఎవర్ని చూసి నవ్వాడు?

ఆ అడవి ఎక్కడుందో మాత్రం చెప్పను. చెబితే వచ్చే ఆదివారానికల్లా మీరు పిల్లాజెల్లాతో అక్కడ దిగిపోతారు. పాపం, అక్కడి జంతువులు మీ మొహాలు చూసి అర్థం చేసుకోలేక తలలు పట్టుకుంటాయి. టేకుచెట్లూ మద్దిచెట్లూ ఉన్న అడవి అనుకోండి, చాలు. ఎండలు ముదిరి వాగు ఎండిపోయింది. తాగడానికి మిగిలింది ఒక్క సిమెంటు తొట్టి. అటవీశాఖ వాళ్ళు పళ్ళెం ఆకారంలో కట్టించిన ఆ తొట్టిని దినం తప్పి దినం పట్నం నుంచి ట్యాంకరు వచ్చి నింపిపోయేది.

తొట్టి దగ్గర పాతకాలం నుంచీ ఒక ఏర్పాటుంది. చెట్టు మీద కొండముచ్చు కనకయ్య కాపలా కూర్చుంటాడు, కింద దుప్పులు నీళ్ళు తాగుతాయి. చిరుత కనబడితే కనకయ్య "ఖెక్" అంటాడు, దుప్పులు చెదిరిపోతాయి. దుప్పులకు ముందుగా వాసన తగిలితే అవి కూస్తాయి, కొండముచ్చులు పైకొమ్మలకు ఎక్కేస్తాయి. ఎవరి ప్రాణం కోసం వాళ్ళు చేసే పని కాబట్టి ఎప్పుడూ పొరపాటు రాలేదు.

చిక్కంతా మనుషులతోనే వచ్చింది. చిరుతను చూస్తే దాని సంగతి తెలిసిపోతుంది. మనిషిని ఎంతసేపు చూసినా వాడు ఎందుకొచ్చాడో కనకయ్యకు అంతుపట్టేది కాదు. పైగా ఆయన కళ్ళకు పొరలు కమ్మాయి. దాంతో రెండుకాళ్ళ మీద ఏది నడిచొచ్చినా ఖెక్ అనేవాడు. ఎండాకాలం మనుషుల రాకపోకలు ఎక్కువ. దుప్పులు మూతి తడుపుకునేలోపే మళ్ళీ పరుగు. మందకు పెద్ద మల్లవ్వ అనే దుప్పి. దానికి లేకలేక పుట్టిన కూన ఉంది. దాహంతో ఉరికి ఉరికి మల్లవ్వ పాలు ఎండిపోతున్నాయి, కూన నాలుగడుగులు వేసి కూలబడుతోంది. ఎవరిని చూసి పారిపోవాలో, ఎవరిని చూసి అక్కర్లేదో చెప్పే కళ్ళు దొరక్కపోతే ఆ కూన తొలకరి చూడదు.

సరిగ్గా అప్పుడు రాజవ్వ వచ్చింది.

వచ్చిందంటే తనంతట తాను రాలేదు లెండి. పట్నంలో కోతులు ఎక్కువయ్యాయని బోనులో పట్టి, వ్యానులో తెచ్చి అడవి అంచున వదిలేశారు. తోటి కోతులన్నీ రోడ్డు పట్టుకుని మళ్ళీ పట్నం దారే పట్టాయి. రాజవ్వకు ఇంకోసారి బోనెక్కే ఓపిక లేక ఒక్కతీ మిగిలింది. బస్టాండు రేకుల మీద పుట్టి పెరిగిన మనిషి, అదే, కోతి. దేన్నీ ఊరికే నమ్మదు. ఆకు కోస్తే వెనక్కి తిప్పి చూసేది. చెట్టెక్కే ముందు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చేది. కనకయ్యను చూసి మొదటి రోజంతా కిందికే దిగలేదు. పట్నంలో కోతుల్ని తరమడానికి కాలనీల వాళ్ళు తెచ్చుకునేది కొండముచ్చుల్నే మరి.

"బిడ్డా, నేను తరిమేటోణ్ణి గాదు. నాకే సరిగ కనబడక అవస్థ పడుతున్న" అన్నాడు కనకయ్య.

"కనబడదని చెప్పేటోళ్ళనే ఎక్కువ చూడాలె" అంది రాజవ్వ.

మల్లవ్వ కింది నుంచి తలెత్తింది. "చెల్లె, నువ్వు మనుషుల నడుమ పెరిగినవట. వాళ్ళ మొకాలు చదవొస్తదా?"

"నా బువ్వే అది. ఎవడు తినేది చేతిల పెట్టుకొని ఏమరుపాటుగ ఉన్నడు, ఎవడు రాయి దాసుకున్నడు, రేకుల మీదికెళ్ళి చూసి చెప్తుంటి."

"అయితే ఈ కొమ్మ మీద కూసో. తొలకరి దాకా మమ్ముల కాపాడు. నా కూన బతికితే నీకు ఈ కనకయ్యోళ్ళ కొండెంగల చెట్టు మీద సదా జాగ ఇప్పిస్త. తప్పిందో, నీ తొవ్వ నువ్వు చూసుకోవాలె."

రాజవ్వ ఒప్పుకుంది. ఒంటరి కోతికి అడవిలో ఒక చెట్టు దొరకడమంటే మాటలు కాదు. కొమ్మెక్కి గొంతు సవరించుకుని తన చదువంతా ఒక్క ముక్కలో చెప్పింది.

"మొకం మూసుకొని, ఎవ్వరినీ చూడకుండ పోయేటోడు మంచోడు. పట్నంల జనమంతా గంతే, వాళ్ళతోని మనకు రంది లేదు. నవ్వేటోడే దొంగ. నన్ను పట్టినోడు గుప్పిట్ల పల్లీలు పోస్కొని, నన్నే చూసుకుంట నవ్విండు. పాపం మంచిగున్నడని దగ్గరికి పోయిన. డబ్బున తలుపు పడ్డది."

దుప్పులన్నీ చెవులు నిక్కించి విన్నాయి. కలేపొద చాటున ఇంకో రెండు చెవులు కూడా విన్నాయి. అవి నక్క ఓదెలువి. అప్పటిదాకా నోరు సాగదీసుకుని కూర్చున్న ఓదెలు, ఆ మాట చెవిన పడగానే మూతి బిగించి, చావు కబురు విన్నవాడిలా గంభీరంగా బయటికి నడిచాడు.

"రాజవ్వ జెప్పింది నిజం. నవ్వేటోణ్ణి నేనుగూడ నమ్మ" అన్నాడు.

రాజవ్వ వాడి మొహం పరీక్షగా చూసింది. చిన్న నవ్వు కూడా లేదు. నక్కయినా నికార్సయిన వాడే అనుకుంది.

ఆదివారం వచ్చింది. కొమ్మ మీంచి కనబడే అడవి గేటు దగ్గర కార్లు ఆగాయి. నడకదారిలో మొదట ఒక పెద్దమనిషి దిగాడు, చెవి దగ్గర ఫోను, నుదుటి మీద ముడుతలు. రాజవ్వ ఊరుకుంది. రెండో మలుపు దాటేసరికి ఆయన ఫోను జేబులో పడింది. మూడో మలుపు దగ్గర చెదలపుట్టను చూసి నవ్వాడు. రాజవ్వ "ఖెక్" అంది. వెనక ఒకావిడ, గేటు దగ్గర మొగుడి మీద చిటపటలాడిన మనిషి, సీతాకోకచిలుక వెంట కళ్ళు తిప్పుతూ నవ్వింది. "ఖెక్." బెత్తం పట్టుకుని పుట్టినట్టున్న ఒక మేష్టారు ఉత్తి ఆకాశాన్ని చూసి నవ్వాడు. "ఖెక్." ఆ రోజు పొద్దువాలేలోపు పద్నాలుగుసార్లు అరిచింది.

"ఏందే బిడ్డా గిది" అన్నాడు కనకయ్య. "కండ్లు కనబడని నేను గూడ ఒక్కనాడు గిన్నిసార్లు అరవలే."

"తాతా, నువ్వు చూడలే. గేటు కాడ అందరి మొకాలు మంచిగనే ఉన్నయ్. లోపలికి వచ్చి నవ్వుతున్నరు. అందరు కలిసే వచ్చిన్రు. ఎక్కడనో బోను పెట్టిన్రు."

బోను కోసం ఆమె మర్నాడు అడవంతా గాలించింది. దొరకలేదు. బోను దొరక్కపోవడం చూసి ఆమె అనుమానం ఇంకా పెరిగింది. ఎంత బాగా దాచారో అనుకుంది.

ఆ మధ్యాహ్నం ట్యాంకరొచ్చింది. దిగిన డ్రైవర్ని చూసి రాజవ్వ కొమ్మకు అతుక్కుపోయింది. వాడు ఆమెకు తెలుసు. సమ్మయ్య. బస్టాండు వెనక కాలనీలో ఏళ్ళ తరబడి నీళ్ళు పోసినవాడు. బిందెల కొట్లాటల మధ్య పైపు పట్టుకుని నిలబడేవాడు, నుదుటి మీద అడ్డంగా మూడు గీతలు. వాడు నవ్వగా చూసిన కోతి ఆ బస్టాండులోనే లేదు. అట్లాంటి సమ్మయ్య తొట్టిలోకి పైపు వదిలి, గట్టు మీద కూర్చుని నవ్వుతున్నాడు. మూడు గీతలూ లేవు.

"ఖెక్ ఖెక్ ఖెక్" అంది రాజవ్వ.

సమ్మయ్య వెళ్ళాక మల్లవ్వ వచ్చి అడిగింది. "ఏమైందే చెల్లె? ఆయన దినం తప్పి దినం వచ్చి నీళ్ళు పోసేటోడే గద."

"అక్కా, ఈన్ని నేను ఎరుగుదు. పట్నంల ఒక్కనాడు పండ్లు కనబడనియ్యలే. ఇక్కడ ఎవ్వలు లేనికాడ నవ్వుతున్నడు. ఉత్తగ నవ్వుతడా? నీళ్ళల్ల ఏదో కలిపిండు."

"మరి ఏం దాగాలె? నా కూన..."

"చెలిమె ఉన్నది గద" అన్నాడు ఓదెలు, పక్కనే ప్రత్యక్షమై. మొహం అంతే బిగువుగా ఉంది. "వాగుల ఇసుకల అడవిపందులు తవ్విన చెలిమె. నీళ్ళు తక్కువ గని మందు లేదు మాకు లేదు. కలేపొదల నడుమకెళ్ళి పోతే దగ్గర."

ఆ రాత్రీ మర్నాడూ దుప్పులు తొట్టి ముట్టలేదు, రాజవ్వ సరేననకుండా చెలిమె దారీ పట్టలేదు. నిండా నీళ్ళుంటే చుట్టూ నిలబడి చూశాయే తప్ప తాగలేదు. కూన మూతి నీళ్ళ వైపు చాచితే మల్లవ్వే తలతో వెనక్కి నెట్టింది. రాజవ్వ అది చూసింది. అయినా కొమ్మ దిగలేదు. అనుమానం తనను ఎన్నోసార్లు బతికించింది, ఇప్పుడూ బతికిస్తుందనే ఆమె నమ్మకం.

మరునాడు పొద్దున్నే గళ్ళ లుంగీవాడొకడు సైకిలు నెట్టుకుంటూ వచ్చాడు. భుజాన సంచి. నడకదారి వదిలి కలేపొదల్లోకి దిగాడు. రాజవ్వ వాడి మొహం చూసి ఊపిరి పీల్చుకుంది. బస్టాండులో తెల్లారి మొదటి బస్సుకు నిలబడేవాళ్ళ మొహం. మూసిన షట్టరులా ఉంది. చెట్టును చూడడు, పిట్టను చూడడు, పక్కనే నెమలి పురి విప్పినా తల తిప్పలేదు. పొదల మధ్య వంగాడు, లేచాడు. మళ్ళీ వంగాడు. మొత్తం ఐదుసార్లు వంగి లేచి, సైకిలెక్కి పోయాడు.

"తునికాకు ఏరుకునేటోడు" అని ప్రకటించింది రాజవ్వ. "అక్కా, ఈ అడవిల నాకు కనబడ్డ ఒక్క మంచి మనిషి ఈడే. పోండ్రి, చెలిమె కాడికి పోండ్రి."

మీకిప్పటికే అర్థమైపోయింది, నాకు తెలుసు. మీరు కింద కూర్చుని తీరిగ్గా వింటున్నారు కాబట్టి అర్థమైంది. ఆమె కొమ్మ మీద కూర్చుంటే మీరూ అదే అనేవాళ్ళు.

మంద బారుగా కదిలింది. ముందు మల్లవ్వ, వెంట కూన. మొదటి కలేపొద దాటుతుండగా మల్లవ్వ వెనక కాలు దేనికో తగిలింది. లాగింది. లాగిన కొద్దీ బిగుసుకుంది. సన్నటి బైండింగు తీగ, పొద మొదట్లో కట్టిన ఉచ్చు. మంద చెల్లాచెదురైంది. కూన మాత్రం తల్లి పొట్ట కింద దూరి నిలబడింది.

రాజవ్వ కొమ్మల మీదుగా దూకి వచ్చింది. తీగను చేతులతో పట్టి పీకింది, పళ్ళతో కొరికింది. చిగుళ్ళు చీరుకుపోయాయి గానీ తీగ వదల్లేదు.

"చెల్లె" అంది మల్లవ్వ, రొప్పుతూ. "ఆకు ఏరుకునేటోడంటివి."

రాజవ్వ మళ్ళీ తీగ మీదే పడి కొరికింది. ఆమెకు తన మీద తనకే అసహ్యమేసింది.

"ఊకె కొరకకే రాజవ్వా. పండ్లు పోతయ్" అన్న మాట వినబడి వెనక్కి తిరిగింది. ఓదెలు. ముందుకాళ్ళు చాపుకుని నీడలో తీరిగ్గా కూర్చున్నాడు. ఇన్నాళ్ళ బిగువంతా పోయి నోరు చెవులదాకా సాగింది. ఆ నవ్వు సూటిగా మల్లవ్వనూ, ఆమె పొట్ట కిందున్న కూననూ చూస్తోంది.

"నీకు ముందే తెలుసు" అంది రాజవ్వ.

"గా లుంగాయన ఏటా వస్తడు. పొద్దు వాలినంక వచ్చి కోసుకపోతడు, పేగులు నాకిడిసిపెడతడు. ఈసారి దుప్పులు తొట్టి కాణ్ణించి కదలకపాయె. నువ్వొచ్చి కదిలిస్తివి. నీ పున్నెమే." ఓదెలు లేచి ఒళ్ళు విరుచుకున్నాడు. "ఆయనొచ్చే దాకా ఉత్తగ ఉండుడెందుకు. కూన మెత్తగుంటది."

రాజవ్వకు ఒక్క క్షణంలో రెండు సంగతులు తెలిశాయి. తీగ విప్పడం మనిషి చేతులకే సాధ్యం. మనిషిని తేవడానికి వెళితే, తిరిగొచ్చేసరికి కూన ఉండదు. ఆమె చుట్టూ చూసింది. పొదలు లెక్కపెట్టుకుంది. వాడు ఐదుసార్లు వంగాడు. ఒకటి ఇక్కడిది, ఇంకా నాలుగున్నాయి. ఎక్కడెక్కడున్నాయో పైనుంచి చూసింది తనొక్కతే. మనిషి అలికిడి అయితే మైలు దూరం పరుగెత్తే ఓదెలుకు అది తెలిసే వీల్లేదు.

ఆ అడవికి వచ్చాక మొదటిసారి రాజవ్వ నవ్వింది.

"ఓదెలన్నా, నీతోని కొట్లాట నాకెందుకు. దుప్పులు నాకేమన్న చుట్టాలా? నేను పట్నపుదాన్ని. గాని నువ్విట్ల నడుమల కూసుంటే లుంగాయన నిన్ను చూసి రాళ్ళేస్తడు, నీ పాలు గూడ పోతది. పొద్దుగాల గా రెండో పొదల సంచి విప్పి ఏందో దాసిండు. రాత్రి మిగిలిన కూర తీరు వాసనొచ్చింది. అది తినుకుంట ఆడ నీడకు పండుకో. ఈ కూన యాడికి వోతది, తల్లిని ఇడిసి?"

ఓదెలు ఆమె మొహంలోకి అనుమానంగా చూశాడు. "నాకెందుకు చెప్తున్నవ్?"

"మనం మనం ఒకటి గద అన్నా" అంది రాజవ్వ, ఇంకాస్త నవ్వి.

అంత చక్కటి నవ్వు ఓదెలు పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. పాపం వాడు పట్నం మొహం ఎరగడు. తోక ఊపుకుంటూ రెండో పొదలోకి దూరాడు. తీగ నడుముకు బిగిసిన చప్పుడూ, ఆ తర్వాత వాడి కేకా వినబడేసరికి రాజవ్వ నాలుగు చెట్లు దాటేసింది.

తొట్టి దగ్గర ట్యాంకరు ఆగి ఉంది. పైపులోంచి నీళ్ళు దూకుతున్నాయి. సమ్మయ్య గట్టు మీద కూర్చున్నాడు, పక్కన ఫోను. రాజవ్వ అతని వెనక మద్దిచెట్టు మీద ఆగిపోయింది. నవ్వే మనిషి దగ్గరికి నడిచి వెళ్ళి ఒకసారి ఆమె బతుకు బోనులో పడింది.

అతనికి కనబడకుండా కొమ్మ మార్చి పక్క నుంచి మొహం చూసింది. నవ్వుతున్నాడు. ఎవర్ని చూసి? ఆ చూపు వెంట తనూ చూసింది. టేకాకుల సందుల్లోంచి ఎండ పడుతోంది, అంతే. మనిషి లేడు, జంతువు లేదు. గుప్పిట్లో పల్లీలున్నాయా? చేతులు రెండూ మోకాళ్ళ మీద ఖాళీగా ఉన్నాయి. రాజవ్వ ఇంకో కొమ్మ మీదికి మారి మళ్ళీ చూసింది. అప్పుడూ ఎవరూ లేరు. బోనువాడి నవ్వు తనను చూస్తేనే వెలిగింది, తలుపు పడగానే ఆరిపోయింది. ఈ నవ్వు ఎవరూ చూడకపోయినా అట్లాగే ఉంది. లుంగీవాడి మొహమంటారా, అది అడవిలోకి వచ్చి కూడా పట్నంలోనే ఉండిపోయింది. వాడికిక్కడ పనే తప్ప చెట్టు లేదు.

"నేను తప్పు చదివిన" అనుకుంది రాజవ్వ. ఒక్క దూకు దూకి ఫోను అందుకుంది.

ఈ పని మాత్రం ఆమెకు ఎవరూ నేర్పనక్కర్లేదు. పూర్తిగా పారిపోకూడదు, చేతికి దొరకనూ కూడదు. పది గజాల దూరం పెట్టుకుని దూకుతూ ఆగుతూ పోయింది. "ఓ కోతీ, నీకు దండం పెడత, ఇయ్యే" అంటూ సమ్మయ్య వెంటపడ్డాడు. వెనక్కి చూస్తే అతని నుదుటి మీద మూడు గీతలూ మళ్ళీ వచ్చేశాయి. వాటిని చూస్తే రాజవ్వకు జాలేసింది, కానీ ఆగలేదు. కలేపొదల దాకా తీసుకొచ్చి, మల్లవ్వ పక్కనున్న రాయి మీద ఫోను పెట్టి చెట్టెక్కింది.

సమ్మయ్య ఫోనును మరిచిపోయాడు. మల్లవ్వను చూసి అక్కడే మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "అయ్యో తల్లీ" అని తువ్వాల తీసి ఆమె కళ్ళకు కప్పాడు. బెదరకుండా నిలబడ్డాక తీగ ముడి వెనక్కి జరిపి వదులు చేశాడు. మల్లవ్వ కుంటుకుంటూ నాలుగడుగులు వేసి ఆగింది, కూన వెంట నడిచింది. అప్పుడు రెండో పొదలోంచి ఏడుపు వినబడి తొంగిచూసిన సమ్మయ్యకు నక్కా, నక్క నడుముకు తీగా కనబడ్డాయి. అటవీశాఖకు ఫోను చేశాడు. వాళ్ళొచ్చి ఐదు ఉచ్చులూ పీకేసి, ఓదెలును వదిలేసి, పొదల చాటున కూర్చున్నారు. పొద్దు వాలాక గళ్ళ లుంగీవాడు అదే మూసిన మొహంతో వచ్చి వాళ్ళ చేతుల్లో పడ్డాడు.

సాయంత్రం రాజవ్వ మంద ముందు తల దించుకుని నిలబడింది. "అక్కా, నేను జెప్పిన మాటకే నీ పానం మీదికొచ్చింది. తప్పిందంటే పోవాలంటివి. పోత."

మల్లవ్వ కుంటుకుంటూ ఆమె దగ్గరికి వచ్చింది. పక్కన కూన తొట్టిలో మూతి పెట్టి గటగటా తాగుతోంది.

"తప్పు చదివినవ్, నిజమే. మల్ల చదువు నేర్చుకున్నవ్. పోయి కొమ్మ మీద కూసో" అంది.

తొలకరి పడేదాకా సమ్మయ్య ట్యాంకరు వస్తూనే ఉంది. రాజవ్వ గేటు దగ్గర బోర్డెక్కి కూర్చుని అతని మొహం చూసేది. గేటు దగ్గర మూడు గీతలు, మొదటి మలుపు దగ్గర రెండు, తొట్టి చేరేసరికి ఒకటీ ఉండేది కాదు. ఆదివారం వచ్చేవాళ్ళను కూడా అట్లాగే చూసి ఊరుకునేది. ఒకరోజు నీళ్ళు తాగడానికి తొట్టి మీదికి వంగితే లోపల ఒక కోతి కనబడింది. నుదురు నున్నగా ఉంది, మూతి చివర చిన్న నవ్వుంది. రాజవ్వ ఉలిక్కిపడి "ఖెక్" అంది. దుప్పులన్నీ తలలెత్తాయి. ఎవర్ని చూసి నవ్వుతోందోనని వెనక్కి తిరిగి వెతికింది. ఎవరూ లేరు.

"ఏమైందే చెల్లె?" అంది మల్లవ్వ.

"ఏం లేదక్కా, తాగుండ్రి" అని తనూ నీళ్ళు తాగింది.

ఇక ఓదెలు నడుము చుట్టూ తీగ కోసిన చోట మళ్ళీ వెంట్రుక మొలవలేదు. ఇప్పటికీ రాజవ్వ కొమ్మ మీదనుంచి వాడికేసి చూసి నవ్విందంటే చాలు, ముందు తన కాళ్ళ కింద చూసుకుని, ఆ తర్వాత పరుగు లంకించుకుంటాడు.

నీతి: నవ్వును నమ్మాలా వద్దా అని తేల్చుకునే ముందు, చూసేవాళ్ళు లేకపోయినా అది నిలుస్తుందో లేదో చూడాలి.